ప్రసవ వేళ భర్త బాధ్యత



హిజ్రీ 2వ సంవత్సరంలో బద్ర్ యుద్ధం జరిగింది. అందులో పాల్గొన్న సహాబాల స్థానం ఎంత ఉన్నతమైనదో మనందరికీ తెలుసు. అయితే హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ మైదానంలో లేరు. ఆయన సతీమణి, దైవప్రవక్త (స) కుమార్తె హజ్రత్ రుఖయ్య (రజి) అప్పుడు తీవ్ర అనారోగ్యంతో ఉన్నారు. ఆమె దగ్గరే ఉండమని దైవప్రవక్త (స) ఆయన్ని ఆదేశించారు. బద్ర్‌లో పాల్గొన్నవారితో సమానంగా పుణ్యమూ, విజయధనంలో వాటా కూడా ఉంటాయని శుభవార్త వినిపించారు. భార్యకు సేవ చేయడం మగవాడికి తలవంపు అనుకునేవారు ఈ సంఘటన గురించి ఆలోచించాలి.

మన ఇళ్ళలో గర్భిణి సంగతి వస్తే చాలామంది భర్తలు, ‘అది ఆడవాళ్ళ వ్యవహారం, అమ్మీ చూసుకుంటుంది’ అంటారు. కాని ఆసుపత్రికి తీసుకువెళ్ళాలా వద్దా అనే నిర్ణయం మాత్రం తమ చేతిలోనే ఉంచుకుంటారు. ఆయన ఇంటికి వచ్చేదాకా అందరూ ఎదురుచూస్తారు. కాన్పు తర్వాత అధిక రక్తస్రావమైతే కొద్ది గంటల్లోనే తల్లి ప్రాణం పోవచ్చు!

ఈ సమస్యను మన ముస్లిం సోదరులు అధికంగా ఉన్న ఇండోనేషియా కూడా ఎదుర్కొంది. అక్కడ ‘సుఆమి సియాగ’, అంటే ‘అప్రమత్తుడైన భర్త’ అనే పేరుతో ఒక ప్రచారం నడిచింది. సిద్ధంగా ఉండు, ఆసుపత్రికి తీసుకువెళ్ళు, తోడుగా ఉండు అన్నవే అది భర్తలకు చెప్పిన మూడు మాటలు. ప్రచారం చేరిన భర్తల్లో, దాని గురించి ఇతరులతో మాట్లాడినవారిలో అవగాహన పెరిగిందని, కాన్పుకు ముందస్తు ఏర్పాట్లు కనిపించాయని 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనం తెలిపింది.

దీన్నిబట్టి ఒక విషయం స్పష్టమవుతోంది. గోడ మీది పోస్టరు ఒక్కటే చాలదు. మగవారు మగవారితో ఆ మాట మాట్లాడుకోవాలి. మన మగవారు వారం వారం కూడే చోటు మస్జిదు. మరి మింబరు మీద నిలబడే మేము ఈ విషయం ఎన్నిసార్లు ప్రస్తావించాం? నికాహ్, తలాఖ్ నియమాలు వివరించాం గాని, గర్భిణి హక్కుల గురించి మాట్లాడటానికి సంకోచించాం. దివ్య ఖుర్ఆన్ సంకోచించలేదు. తల్లి నీరసం మీద నీరసం భరించి బిడ్డను మోసిన సంగతిని లుఖ్మాన్ సూరా గుర్తుచేస్తుంది. విడాకులు పొందిన స్త్రీ గర్భవతి అయితే కాన్పు అయ్యేదాకా ఆమెపై ఖర్చు చేయాలని తలాఖ్ సూరా ఆదేశిస్తుంది. మరి ఇంట్లో ఉన్న ఇల్లాలి హక్కు ఎంతటిదో ఆలోచించండి!

కనుక సోదరులారా! పరీక్షలకు ఆమెతో కలసి వెళ్ళండి. ఏ ఆసుపత్రిలో కాన్పో ముందే నిశ్చయించుకోండి. కొంత డబ్బు విడిగా ఉంచండి. రక్తం ఇవ్వగలవారిని చూసిపెట్టుకోండి. రక్తస్రావం, ఫిట్స్, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, బిడ్డ కదలిక తగ్గడం – వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయండి. ఎవరి అనుమతి కోసమూ ఆగనవసరం లేదని ఇంట్లోవారికి ముందే చెప్పి ఉంచండి. గల్ఫ్‌లో ఉన్న సోదరులు ఈ బాధ్యతను ఇక్కడ ఎవరికైనా స్పష్టంగా అప్పగించాలి. లేడీ డాక్టరు లేరని ఆలస్యం చేయకండి. ప్రాణాపాయంలో అవసరం మేరకు పురుష వైద్యుడు చూడటాన్ని షరీఅత్ అనుమతిస్తుంది.

బాధ్యత అంటే పెత్తనం కాదు. బిడ్డకు పాలు మాన్పించే విషయంలో సైతం భార్యాభర్తల పరస్పర సమ్మతిని, సంప్రదింపును బఖరా సూరా పేర్కొంది. ఆమె నొప్పి గురించి ఆమెనే అడగండి, ఆమె మాట నమ్మండి.

కాన్పులో మరణించిన విశ్వాసురాలికి షహీద్ స్థానం ఉందని హదీసుల్లో ఉంది. అది దుఃఖంలో ఉన్నవారికి ఓదార్పే గాని, మన నిర్లక్ష్యానికి సాకు కాదు. రేపు అల్లాహ్ సన్నిధిలో ఆ అమానతు గురించి మనల్ని ప్రశ్నించడం జరుగుతుంది.

మన ఇల్లాళ్ళ హక్కులు నెరవేర్చే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.