విద్యార్థి దినచర్య ఒక అమానతు

హైస్కూలు చదివే పిల్లలున్న ఇంటికి బంధువులు వస్తే తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. “పెద్దయ్యాక ఏమవుతావు బేటా?” సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట్ పిల్లలకు దీనికి జవాబు వెతుక్కోనక్కర్లేదు. గాంధీ ఆస్పత్రి వాళ్ళకు దగ్గరే. తెల్లకోటు చేతిమీద వేసుకుని వెళ్ళే వైద్య విద్యార్థులు వాళ్ళ కళ్ళబడుతూనే ఉంటారు. అందుకే చాలామంది “డాక్టర్నవుతాను” అంటారు. మరికొందరు ఇంజనీరు అంటారు, ఇంకొందరు పోలీసు అధికారి అంటారు. పెద్దలు “మాషాఅల్లాహ్” అని మెచ్చుకుంటారు. మాట అక్కడితో ముగిసిపోతుంది.

నిజానికి అసలు మాట అక్కడే మొదలవ్వాలి. ఎవరి కోసం అవుతావు? దాని కోసం ఈ రోజు ఏం చేశావు? ఈ రెండు ప్రశ్నలు మనం పిల్లల్ని అడగం. కాని ప్రళయదినాన అల్లాహ్ అడుగుతాడు. జీవితకాలాన్ని దేనిలో గడిపావు, యౌవనాన్ని దేనికి ఖర్చు చేశావు, నేర్చిన దానిని ఎంతవరకు ఆచరించావు అన్న ప్రశ్నలకు సమాధానం చెప్పనిదే మనిషి అడుగు అక్కడి నుంచి కదలదని దైవప్రవక్త ముహమ్మద్ (స) హెచ్చరించారు. సంపాదన గురించి, ఖర్చు గురించి కూడా అడుగుతారు. కాని పదిహేనేళ్ళ విద్యార్థి చేతిలో ఇంకా సంపాదన లేదు. అతని చేతిలో ఉన్నది కాలం, వయసు, చదువు. ఈ మూడూ అతనికి అల్లాహ్ అప్పగించిన అమానతు.

చదువు ఎవరి కోసం?

హిరా గుహలో దిగిన తొలి దైవవాణి చదవమనే ఆదేశంతో మొదలైందని మనందరికీ తెలుసు. ఆ ఆదేశంలో ఒక షరతు కూడా ఉంది. సృష్టించిన ప్రభువు పేరుతో చదవాలి (ఖుర్ఆన్ 96:1). మన పిల్లలు చదువుతున్నారు, సంతోషం. ఎవరి పేరుతో చదువుతున్నారో ఒక్కసారి ఆలోచిద్దాం.

కర్మలు సంకల్పాలపైనే ఆధారపడి ఉంటాయన్నది దైవప్రవక్త (స) బోధ. ఇద్దరు పిల్లలు ఒకే బెంచీ మీద కూర్చుని జీవశాస్త్రంలో గుండె బొమ్మ గీస్తారు. ఒకడి ఆలోచన పెద్ద కారు, పెద్ద ఇల్లు, ఎక్కువ కట్నం. రెండోవాడి ఆలోచన వేరు. దూరపు జిల్లాల నుంచి వచ్చి గాంధీ ఆస్పత్రి ఆవరణలో నేలమీద తువ్వాలు పరచుకుని పడుకున్న పేద రోగుల్ని వాడు చూశాడు. ఒక ప్రాణాన్ని కాపాడితే యావత్ మానవాళిని కాపాడినట్లేనని ఖుర్ఆన్ చెప్పిన మాట (5:32) విన్నాడు. పుస్తకం ఒకటే, బొమ్మ ఒకటే, రావలసిన మార్కులూ అవే. కాని రెండోవాడు బొమ్మ గీస్తున్నంతసేపూ అతని కర్మల పత్రంలో పుణ్యం చేరుతూనే ఉంటుంది.

కాబట్టి బిడ్డలారా! గణితం, సైన్సు దీన్‌కు సంబంధం లేని చదువులని అనుకోకండి. పుస్తకం తెరిచే ముందు బిస్మిల్లాహ్ చెప్పండి. జ్ఞానాన్ని పెంచమని వేడుకోవాలని అల్లాహ్ తన ప్రవక్తకే నేర్పాడు (20:114). ఆ దుఆ చిన్నదే, ఒక్క రోజులో వచ్చేస్తుంది.

ఫజ్ర్ నుంచి ఇషా దాకా

పదో తరగతి విద్యార్థి రోజు ఎలా గడుస్తుందో చూద్దాం. పొద్దున్నే హడావుడిగా లేవడం, బడి, సాయంత్రం ట్యూషన్, ఇంటికొచ్చాక హోంవర్క్, ఆపైన ఫోను. అర్ధరాత్రి దాటాక నిద్ర. ఫజ్ర్ పోయింది. ఆలస్యంగా లేచినందుకు టిఫినూ పోయింది. బడిలో మొదటి పీరియడ్ ఆవలింతలతో గడిచింది. “నాకు టైమే సరిపోవడం లేదు అమ్మీ” అని ఫిర్యాదు.

కాలంపై ప్రమాణం చేసి, మనిషి నష్టంలో ఉన్నాడని ప్రకటించిన అస్ర్ సూరాను మనం నమాజులో ఎన్నోసార్లు చదువుతాం. అది మన టైంటేబుల్‌కూ వర్తిస్తుందని గుర్తించం. అల్లాహ్ మనకు అయిదు పూటల నమాజు విధించాడు. ఈ అయిదూ రోజుకు కట్టిన అయిదు మైలురాళ్ళు. ఇషా తర్వాత త్వరగా పడుకున్నవాడికి ఫజ్ర్ బరువు కాదు. ఫజ్ర్ తర్వాత మనసు తేటగా ఉంటుంది, బస్తీలో సందడి ఇంకా మొదలవదు. గణితంలో కష్టమైన అధ్యాయానికి అది మంచి సమయం. తన సమాజానికి ప్రాతఃకాలంలో శుభం ప్రసాదించమని దైవప్రవక్త (స) దుఆ చేశారు. ఆ శుభవేళను దుప్పటి కింద పోగొట్టుకుంటే నష్టం ఎవరిది?

బడిలో జుహ్ర్ వేళ భోజన విరామంలో నాలుగు నిమిషాలు దొరుకుతాయి. ఇంటికొచ్చి అస్ర్ చేసుకుని కాసేపు ఆడుకోవచ్చు, శరీరానికి కూడా మనపై హక్కు ఉంది. మగ్రిబ్ నుంచి ఇషా వరకు హోంవర్క్. ఫోను అమ్మ దగ్గర ఉండాలి. పాఠం కోసం కావలసి వస్తే అడిగి తీసుకోవాలి, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి.

ఇంకొక మాట చెప్పక తప్పదు. చాలా ఇళ్ళలో అన్న చదువుకుంటుంటే చెల్లెలు గిన్నెలు తోముతుంది. ఇద్దరిదీ పదో తరగతే అయినా సరే! దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటివారి పనుల్లో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. మన అబ్బాయి నీళ్ళ బిందె ఎత్తితే అతని గౌరవమేమీ తగ్గదు. అతను ఎత్తిన ఆ బిందె చెల్లెలికి ఒక అరగంట చదువునిస్తుంది.

ఒక బాలుడి పదిహేను రోజులు

మన పిల్లలు ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకాల్లో ఇంగ్లీషు, మస్జిద్‌లో అరబీ చదువుతారు. “ఇన్ని భాషలు మావల్ల కాదు” అంటారు. వాళ్ళకు హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) గాథ చెప్పాలి.

దైవప్రవక్త (స) మదీనా వచ్చేనాటికి జైద్ పదకొండేళ్ళ అనాథ బాలుడు. బద్ర్ యుద్ధానికి బయల్దేరితే చిన్నవాడివని వెనక్కి పంపారు. ఆ బాలుడు నిరాశపడి కూర్చోలేదు, చదువు వైపు తిరిగాడు. యూదుల లిపి నేర్చుకోమని దైవప్రవక్త (స) ఆదేశిస్తే దాదాపు పదిహేను రోజుల్లో నేర్చుకుని, ఆయన ఉత్తరాలు చదవడం, రాయడం చేపట్టాడు. యమామా యుద్ధంలో ఎందరో ఖుర్ఆన్ కంఠస్థులు అమరులైనప్పుడు, ఖుర్ఆన్‌ను ఒకచోట సమీకరించే బాధ్యతను హజ్రత్ అబూబక్ర్ (రజి) ఆయనకే అప్పగించారు. అప్పటికి ఆయన వయసు ఇరవై పైచిలుకు మాత్రమే. కొండను కదిలించమన్నా ఇంత బరువుగా తోచేది కాదని జైద్ (రజి) తర్వాత చెప్పుకున్నారు. పదకొండేళ్ళప్పుడు పట్టిన కలమే ఆ బరువు మోయగలిగింది. ఈ రోజు పనికి రాదనిపించే పాఠం రేపు ఏ సేవకు పనికొస్తుందో అల్లాహ్‌కే తెలుసు.

మన బస్తీ బావి చెప్పే పాఠం

బన్సీలాల్‌పేట్‌ను పూర్వం నాగన్నకుంట అనేవారు. 1933లో ఇక్కడ ఆదర్శ బస్తీ నిర్మాణానికి సేఠ్ బన్సీలాల్ ధనసహాయం చేయడంతో ఆయన పేరు స్థిరపడింది. ఇక్కడున్న 17వ శతాబ్దపు మెట్లబావి ఎన్నో ఏళ్ళపాటు చెత్తతో పూడిపోయింది. పక్కనుంచి రోజూ నడిచేవారికి కూడా కింద అంత అందమైన కట్టడం ఉందని తెలియదు. చెత్త తొలగించి, పూడిక తీసి, బాగుచేశాక 2022 డిసెంబర్ 5న దాన్ని ప్రజల కోసం తెరిచారు. ఇప్పుడు దూరం నుంచి కూడా వచ్చి చూస్తున్నారు.

ఆ బావిని ఎవరో ఒక్కరోజులో పూడ్చలేదు. ప్రతిరోజూ ఒకరు ఒక సంచీ వేసి వెళ్ళారు. విద్యార్థి మనసు కూడా అంతే. ఒకరోజు ఒక అబద్ధం, మరో రోజు ఎగ్గొట్టిన క్లాసు, ఇంకో రోజు చూడకూడని వీడియో. ఏదీ పెద్దదిగా కనిపించదు. పాపం చేసినప్పుడల్లా హృదయం మీద ఒక నల్లమచ్చ పడుతుందని, తౌబా చేస్తే అది తుడుచుకుపోతుందని దైవప్రవక్త (స) తెలిపారు. కాబట్టి పదో తరగతిలో సగం ఏడాది వృథా అయినవాడు కూడా “ఇక నావల్ల కాదు” అనకూడదు. ఈ సాయంత్రమే మొదటి తట్ట ఎత్తాలి.

పరీక్ష హాలులో విశ్వాసి

2024లో పదో తరగతి పరీక్షలు మార్చి 18న, 2025లో మార్చి 21న మొదలయ్యాయి. రెండుసార్లూ అది రమజాన్ మాసమే. మన పిల్లలెందరో సహరీ చేసి, ఉపవాసంతోనే ఉదయం తొమ్మిదిన్నరకు హాలులో కూర్చున్నారు. అల్హమ్దులిల్లాహ్! కాని ఉపవాసంతో ఉండి పక్కవాడి పేపరు చూసి రాస్తే ఆ ఉపవాసానికి అర్థమేమిటి? మోసగించేవాడు మనవాడు కాడని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు. ఇన్విజిలేటర్ తల తిప్పినప్పుడు కూడా తలవంచుకుని తనకు వచ్చిందే రాసే పిల్లవాడు అల్లాహ్ తనను చూస్తున్నాడని నమ్మినవాడు. వాడికి కొన్ని మార్కులు తగ్గినా, రేపు వాడు రాసే మందుచీటీని, వాడు కట్టే వంతెనను జనం నమ్మవచ్చు.

ప్రణాళిక ప్రవక్తల సంప్రదాయం

“భవిష్యత్తు అల్లాహ్ చేతిలో ఉంది, ప్రణాళికలు ఎందుకు?” అనేవారున్నారు. హజ్రత్ యూసుఫ్ (అలై) ఏం చేశారో చూడండి. ఏడేళ్ళు వరుసగా పండించి, తినడానికి కావలసినది తీసుకుని, మిగతా ధాన్యాన్ని వెన్నుల్లోనే దాచమన్నారు. ఆ తర్వాతి ఏడేళ్ళ కరువుకు ముందే దారి చూపారు (12:47-48). అది పధ్నాలుగేళ్ళ ప్రణాళిక! ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్నదే దైవప్రవక్త (స) బోధ. అలాగే, రేపు ఫలానా పని చేస్తానని చెప్పేటప్పుడు ఇన్షాఅల్లాహ్ అనకుండా చెప్పరాదని ఖుర్ఆన్ నేర్పింది (18:23-24). ఇన్షాఅల్లాహ్ అన్నమాట సోమరికి సాకు కారాదు, పనిచేసేవాడికి వినయం కావాలి.

మరి పదో తరగతి తర్వాత దారులేమిటి? డాక్టరు కావాలంటే ఇంటర్‌లో బైపీసీ, ఇంజనీరుకు ఎంపీసీ, వ్యాపార లెక్కలకు ఎంఈసీ, సీఈసీ. పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చు. 2008లో మొదలైన బాసర ట్రిపుల్ ఐటీలో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ళ కోర్సులో ప్రవేశం దొరుకుతుంది. చేతి నైపుణ్యం ఉన్నవాడికి ఐటీఐ ఉంది. దావూద్ (అలై) తన చేతి కష్టంతోనే తినేవారు కనుక ఏ హలాల్ వృత్తీ చిన్నది కాదు. ఫీజులు కట్టలేని ఇళ్ళకు తెలంగాణలో మైనారిటీ గురుకులాలు ఉన్నాయి. 2016లో 71 బడులతో మొదలైన ఈ సంస్థలో ఇంటర్ చదువు కూడా ఉంది. బీసీ-ఇ కిందికి వచ్చే ముస్లిం వర్గాలకు 2007 చట్టం ప్రకారం 4 శాతం రిజర్వేషన్ ఉంది. కుల, ఆదాయ ధ్రువపత్రాలు ఫలితాలు వచ్చాక కాదు, పరీక్షలకు ముందే తీసి పెట్టుకోవాలి. ఒంటెను కట్టివేయడమంటే ఇదే.

ఏ దారి ఎంచుకోవాలో తేలకపోతే ఉపాధ్యాయుల్ని, చదువుకున్న పెద్దల్ని సంప్రదించి, రెండు రకాతుల నఫిల్ చదివి ఇస్తిఖారా దుఆ చేయాలి. దైవప్రవక్త (స) ఆ దుఆను ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా సహచరులకు నేర్పేవారు.

తల్లిదండ్రులతో ఒక మాట

దేశంలో 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి పాతికమంది బడి మొహమే చూడలేదు, లేదా మధ్యలో మానేశారని 2006లో సచార్ కమిటీ నివేదిక వెల్లడించింది. ఆ పాతికలో మన పిల్లలు ఉండకూడదు. పదో తరగతి కాగానే అబ్బాయిని దుకాణంలో కూర్చోబెడితే నెలకు కొంత డబ్బు వస్తుంది, నిజమే. అమ్మాయిని మాన్పిస్తే ఖర్చు తగ్గుతుంది, అదీ నిజమే. కాని బద్ర్ ఖైదీల్లో డబ్బు కట్టలేని, చదువొచ్చిన వారికి దైవప్రవక్త (స) పెట్టిన షరతు ఏమిటి? మదీనా పిల్లలు పదిమందికి చొప్పున రాయడం నేర్పి విడుదల కావడం. కటిక పేదరికంలో ఉన్న ఆ సమాజం ధనానికి బదులు పిల్లల చదువును స్వీకరించింది.

మరో విషయం చెప్పడానికే గుండె బరువెక్కుతుంది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక తెలంగాణలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లో తప్పులు దొర్లాయన్న సంగతీ బయటపడింది. ఒక కాగితం మీది అంకెల కోసం అల్లాహ్ ఇచ్చిన ప్రాణాన్ని పోగొట్టుకోవడమా? ప్రాణం కూడా అమానతే, దాన్ని తీసుకునే హక్కు మనకు లేదు. కొడుకును పోగొట్టుకుని కళ్ళు పోయేలా ఏడ్చిన యాఖూబ్ (అలై) కూడా, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందవద్దనే తన పిల్లలకు చెప్పారు (12:87). ఫలితాలు వచ్చే రోజున పిల్లవాడికి మొదట వినిపించవలసినది మన తిట్టు కాదు. “ఫెయిలయినా నువ్వు మా బిడ్డవే, సప్లిమెంటరీ ఉంది, ఇన్షాఅల్లాహ్ మళ్ళీ రాద్దాం” అన్న మాట. పక్కింటి అబ్బాయి మార్కులతో పోల్చడం ఈ రోజే మానేద్దాం. పిల్లవాడు మౌనంగా ఉంటే, తిండి మానేస్తే దగ్గర కూర్చోబెట్టుకుని అడుగుదాం, అవసరమైతే వైద్యుని దగ్గరకు తీసుకెళదాం.

మస్జిద్ కమిటీల పెద్దలకూ మా విన్నపం ఒకటుంది. ఒకే గదిలో ఆరుగురు ఉండే ఇళ్ళలో పిల్లలు ఎక్కడ చదువుకుంటారు? పరీక్షల నెలల్లో మగ్రిబ్ తర్వాత మస్జిద్‌లో ఒక గది, నాలుగు చాపలు, ఒక లైటు, పర్యవేక్షణకు చదువుకున్న ఒక యువకుడు ఉంటే చాలు. ఆడపిల్లల కోసం ఏదైనా ఒక ఇంట్లో ఇలాంటి ఏర్పాటే చేయవచ్చు. దీనికి పెద్ద చందాలు అక్కర్లేదు.

ఓ అల్లాహ్! మా పిల్లల సంకల్పాలను నిర్మలం చెయ్యి. వారి కాలంలో, వారి చదువులో బర్కత్ ప్రసాదించు. విజయంలో గర్వం నుంచి, ఓటమిలో నిరాశ నుంచి వారిని కాపాడు. వారిని మాకు కంటిచలువగా, ప్రజలకు ప్రయోజనకారులుగా తీర్చిదిద్దు. నీవు అప్పగించిన ఈ అమానతుల గురించి నీ ముందు తలదించుకోని తల్లిదండ్రులుగా మమ్మల్ని నిలబెట్టు. ఆమీన్.