మొక్క నాటేముందు ఎవరిని అడగాలి?

మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాయంటే మా బడి ముందు ట్రాలీ ఆగుతుంది. నల్ల కవర్లలో మొక్కలు దింపి పోతారు. పిల్లలను వరుసగా నిలబెడతాం, గడ్డపారలు ఇస్తాం, ఫోటో తీస్తాం, సాయంత్రంలోగా పైకి పంపిస్తాం. ఈ పని ఎన్నిసార్లు చేశామో లెక్క లేదు. ఒక ఏడు నాలుగో తరగతి పిల్లవాడు గడ్డపార ఈడ్చుకుంటూ వచ్చి అడిగాడు: "సార్, పోయినేటి గుంతలల్లనే పెడుదమా, కొత్తయి తవ్వాల్నా?"

వాడు ఎగతాళి చేయలేదు. గుంతలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మొక్కలే లేవు. మన్ను మెత్తగా ఉంటుంది కాబట్టి తవ్వడం సులువని వాడి ఆలోచన. మేం నవ్వేసి పాత గుంతల్లోనే పెట్టమన్నాం.

మేము అంటే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు బడుల్లో చదువు చెప్పే కోయ టీచర్లం, నలుగురైదుగురం. 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ ముక్కలు కాకముందు ఇదంతా మాకు ఒకే జిల్లా. బదిలీ ఎటైతే అటు మూట కట్టుకుని పోయేవాళ్ళం. అందుకే అడవి ఊళ్ళూ చూశాం, చెట్టు నీడ కోసం వెతుక్కోవలసిన జనగామ ఎర్ర చెలకలూ చూశాం. ఈ వ్యాసంలో రాసేది ఒక్కరి అనుభవం కాదు. అయినా తప్పులు మాత్రం మావే.

ఇంకో ప్రశ్న మహబూబాబాద్ ఏజెన్సీలోని ఒక ఊళ్ళో ఎదురైంది. అక్కడ ఐదో తరగతి అమ్మాయి మొక్కను ముట్టుకోలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. గద్దించాం. "నేను పెట్ట సార్. మొక్క వెడితే చేను పోతది" అంది. వాళ్ళది పోడు చేను. అంతకుముందు ఎండాకాలం జేసీబీ వచ్చి చేను చుట్టూ కందకం తీసింది. వానలు పడ్డాక, కంది వేసే చోట వరుసగా టేకు మొక్కలు వెలిశాయి. ఆ పిల్ల కళ్ళ ముందు మొక్క నాటడమంటే అదే. మేము అప్పుడు, రాయడానికి సిగ్గుగానే ఉంది, "మొక్కదేం తప్పు బిడ్డా" అన్నాం.

"మరి తప్పెవల్ది సార్?"

జవాబు చెప్పకుండా బెల్లు కొట్టించాం.

మొక్క నాటడం మంచి పని అని మన పుస్తకాల్లో ఉంటుంది, గోడల మీద ఉంటుంది, మనమే రాయిస్తాం. అది అబద్ధమని మేము అనడం లేదు. మనం చూడని వాళ్ళకు నీడ ఇవ్వాలనుకోవడం కంటే మంచి ఆలోచన ఏముంటుంది? ఖమ్మం దగ్గర రెడ్డిపల్లి దరిపల్లి రామయ్య గారు, అందరూ వనజీవి రామయ్య అనే ఆయన, జేబులో గింజలు పెట్టుకుని తిరిగిన మనిషి. కోటికి పైగా మొక్కలు పెట్టినవాడని పేరు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో పోయారు. ఆయన గురించి పిల్లలకు చెప్పినప్పుడల్లా మాకు గొంతు పూడుకుపోతుంది. ఆయన ఎవరి చేనూ తీసుకోలేదు. ఎవరికీ అడ్డం రాని కాలువ గట్టు, రోడ్డు పక్కన ఖాళీ జాగ వెతుక్కున్నాడు. మొక్క పెట్టే చేతి కింద ఇంకొకరి బువ్వ లేదు. రెండు పనుల పేరూ మొక్క నాటడమే కావడం వల్లనే మనకు ఈ తికమక.

2015 జూలై 3న చిలుకూరులో హరితహారం మొదలైంది. రాష్ట్రంలో పచ్చదనం 24 శాతం నుంచి 33 శాతానికి పెంచాలని, 230 కోట్ల మొక్కలు పెట్టాలని లక్ష్యం. ఊరూరా నర్సరీలు వచ్చాయి, తర్వాత పల్లె ప్రకృతి వనాలు వచ్చాయి. జనగామ వైపు ఆ వనాల్లో కొన్ని నిజంగా బాగున్నాయి. ఎండకు ముసలివాళ్ళు కూచునే చోటు దొరికింది. దాన్ని కాదనలేం. 2018 పంచాయతీరాజ్ చట్టంలో నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలని, లేకుంటే సర్పంచ్, కార్యదర్శి జవాబుదారీ అని కూడా రాశారు. మంచిదే. కానీ ఆ లెక్క ఊళ్ళో ఎలా పనిచేస్తుందో టీచర్లకు తెలుసు. తనిఖీ రేపనగా రాత్రికి రాత్రి పచ్చి కొమ్మలు గుంతల్లో గుచ్చిన ఊరు మేము చూశాం. తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్ పెట్టి, తర్వాత అదే వద్దన్నదీ చూశాం.  లెక్కలో అది చెట్టే.

శాతం కొలిచేది మొక్క బతికిందా లేదా అని మాత్రమే. ఎవరి జాగలో బతికింది, దాని పండు ఎవరిది, కింద మేసే పశువు ఎవరిది, అది లేకముందు అక్కడ ఏముండేది, ఇవేవీ అందులో లేవు. టేకు పెడితే మనకు మిగిలేది ఏముంది? ఆకు పశువు తినదు, కాయ మనిషి తినడు, కర్ర ముట్టుకుంటే కేసు. జామాయిల్ సంగతి సరేసరి. అదే ఇప్ప, మొర్రి, తునికి, ఉసిరి అయితే నరకకుండానే ఏడాదికి కొంత చేతికొస్తుంది. అటవీ హక్కుల చట్టం 2006లో చిన్న అటవీ ఉత్పత్తుల మీద హక్కు మనదని రాసి ఉంది. అంతేకాదు, సామూహిక అడవిని కాపాడుకునే, మళ్ళీ పెంచుకునే హక్కు కూడా రాసి ఉంది. యువకులకు చెప్పేది ఇది: పోడు పట్టా కాగితం గురించి అందరూ మాట్లాడతారు, 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి లక్షన్నర మందికి పైగా ఇచ్చారు కూడా. ఆ పిల్ల నాన్నకు మాత్రం రాలేదు. కానీ అడవిని పెంచే హక్కు గురించి మన గ్రామసభల్లో ఎవరూ నోరు తెరవరు. ఏ చెట్టు, ఏ జాగలో, ఎప్పుడు అని మనమే తీర్మానం రాసి ముందుగా ఇస్తే, ట్రాలీ వచ్చినప్పుడు కనీసం అడిగే మాట ఉంటుంది.

ఇక్కడిదాకా రాసి ఆపేస్తే ఈ వ్యాసం మనకు తియ్యగా ఉంటుంది. తప్పంతా పైవాళ్ళది, మనం అడవి బిడ్డలం. చాలా సభల్లో ఈ మాటకు చప్పట్లు విన్నాం, మేమూ కొట్టాం.

ఒక ఏడు ఫాల్గుణంలో పిల్లలతో పాటు ఇప్పపూలు ఏరడానికి పోయాం. తెల్లవారుజామున పూలు రాలతాయి, ఎండ రాకముందే ఏరాలి. ఆకులు దట్టంగా పడి ఉంటే పువ్వు కనపడదు. అందుకే ముందురోజే చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. మా అమ్మలు పెట్టారు, మేమూ చిన్నప్పుడు పెట్టాం. ఆ రోజు నల్లటి నేల మీద తెల్లటి పూలు ఏరుతూ ఒక పిల్లవాడిని ఊరికే అడిగాం, "ఈ చుట్టుపక్కల చిన్న ఇప్ప చెట్లు ఎన్ని ఉన్నయిరా?" వాడు పరుగెత్తుకుంటూ పోయి తిరిగి వచ్చాడు. ఇంకొందరు పోయారు. తాతల నాటి చెట్లు పాతిక దాకా ఉన్నాయి. మన నడుం ఎత్తు చెట్టు ఒక్కటి దొరకలేదు.

దొరకదు మరి. ఇప్పగింజ జూన్‌లో రాలి మొలుస్తుంది. మొలక నిలవాలంటే ఎండాకాలాలు దాటాలి. ప్రతి ఫాల్గుణం మనం నిప్పు పెడతాం, మిగిలినదాన్ని మేక కొరుకుతుంది. పదేళ్ళు దాటితే గానీ ఇప్ప పూతకు రాదు. అంటే మన చేతుల్లో పదేళ్ళ చెట్టు తయారయ్యే దారే లేదు. మనం గొడ్డలి పట్టలేదు, ఒక్క చెట్టూ కొట్టలేదు, అయినా మన మనవలకు ఇప్ప లేకుండా చేస్తున్నాం. కందకం తీసినవాడు మనల్ని అడగలేదని కోపం. మరి మనం ఎవరిని అడిగి నిప్పు పెట్టాం?

మన పెద్దవాళ్ళకు అడగడం తెలుసు. విజ్జ పండుం చేయకుండా విత్తనం చల్లరు. మామిడికాయ చెట్టుకు కళ్ళ ముందు వేలాడుతున్నా పండుగ చేసి వేల్పుకు పెట్టందే నోట పెట్టుకోరు. పట్నం చదువు చదివిన మేము ఒకప్పుడు దీన్ని మూఢనమ్మకం అనుకున్నాం. ఇప్పుడు అట్లా అనిపించదు. కాయ ముదరకముందే తెంపకుండా ఊరంతా ఒక్క మాట మీద నిలబడే కట్టు అది. కాపలావాడు లేడు, జరిమానా రసీదు లేదు. కానీ ఆ కట్టులో ఇప్ప మొలకకు చోటు లేదని కూడా చెప్పాలి. ఇప్పలు లెక్కలేనన్ని ఉన్న కాలంలో పుట్టిన కట్టు అది. అప్పటికి చాలింది. పెద్దలు చెప్పారు కాబట్టి అన్నీ అందులోనే ఉన్నాయనడం పెద్దల్ని గౌరవించడం కాదు.

ఒక అవ్వను అడిగాం, నిప్పు పెట్టకుంటే పువ్వెట్లా ఏరేది అని. "మా అత్త చీపురుతోని ఊడ్చేది. నాకే ఓపిక లేక అంటువెడుతున్న" అంది. ఛత్తీస్‌గఢ్‌లో కొన్నిచోట్ల చెట్టు కింద వలలు కడుతున్నారు. పాత చీరలు కలిపి కుట్టి పరిచినా పని జరుగుతుంది.

ఈ అడగకపోవడం ఎక్కడిదాకా పోతుందో కూడా రాయాలి. 2022 నవంబర్ 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా బెండాలపాడు అడవిలో ప్లాంటేషన్ మొక్కల గొడవలో ఒక అటవీ రేంజ్ అధికారిని నరికి చంపారు. చంపింది గుత్తికోయలు, మనకు చుట్టాల వంటివాళ్ళు. ఆ వారం మా స్టాఫ్ రూముల్లో ఎవరూ సరిగా మాట్లాడలేదు. ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని చంపడాన్ని ఏ కందకమూ, ఏ కేసూ మంచి పని చేయలేదు. దాని తర్వాత ఎన్నో గూడేల్లో, ఏ తప్పూ చేయని ఇళ్ళల్లో, రాత్రి తలుపు చప్పుడైతే ఉలిక్కిపడ్డారు. పోడు మీద కోపం ఉన్న తమ్ముళ్ళు దీన్ని వేరే లెక్కలోకి తోసేయకూడదు. ఆ అమ్మాయి "తప్పెవల్ది" అని అడిగిన రోజు మేము బెల్లు కొట్టించాం. అట్లా ఎవరూ జవాబు చెప్పకుండా బెల్లు కొట్టుకుంటూ పోతే ఆ ప్రశ్న ఎవరి చేతిలో పడుతుందో తెలియదు.

జనగామ వైపు లంబాడా తండా బడిలో పనిచేసినప్పుడు తీజ్ చూశాం. కోయ టీచర్లకు లంబాడా పండుగతో పనేమిటని కొందరు అడుగుతారు. చూసింది చెప్పడానికి ఏమైంది? పెళ్ళికాని ఆడపిల్లలు బుట్టల్లో పుట్టమన్ను, ఎరువు వేసి గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్ళు పోస్తారు. పూటపూటా పోయాలి, పాడుతూ పోయాలి. ఎవరి బుట్టలో మొలక ఎట్లా లేచిందో తండా అంతా చూస్తుంది. ఆ తొమ్మిది రోజులు మొలక సంగతి అడగని ఇల్లు ఉండదు. చివరి రోజు దాన్ని చెరువులో కలిపేటప్పుడు ఆ పిల్లలు నిజంగానే ఏడుస్తారు. అదే బడి ఆవరణలో, అదే పిల్లలు, అదే నెలలో మేము పెట్టించిన వేపమొక్కలు ఎండిపోతుంటే ఎవరికీ కన్నీళ్ళు రాలేదు. వాళ్ళు బద్ధకస్తులు కారు. అవి వాళ్ళ మొక్కలు కావు, అంతే. మేం దింపుకున్నాం, మేం లెక్క రాసుకున్నాం.

కెన్యాలో వంగారి మాతాయ్ 1977లో గ్రీన్ బెల్ట్ ఉద్యమం మొదలుపెట్టినప్పుడు ఊరి ఆడవాళ్ళే నారు పోశారు. నాటినందుకు కాక, బతికిన మొక్కకు ఇంతని చిన్న మొత్తం ఇచ్చేవాళ్ళు. 2004లో ఆమెకు నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. చెట్లకు శాంతి బహుమతి ఏమిటా అని మొదట విన్నప్పుడు అనుకున్నాం. జాగ ఎవరిది, చెట్టు ఎవరిది అనే గొడవ తెలిసిన మనకు అది విడ్డూరం కాకూడదు.

కిందటేడు మా బడుల్లో రెండు చోట్ల పద్ధతి మార్చి చూశాం. ట్రాలీ మొక్కలు తీసుకున్నాం, తీసుకోక తప్పదు. వాటితో పాటు జూన్‌లోనే పిల్లలతో ఇప్పగింజలు తెప్పించి ఆవరణ మూలకు నేరుగా నేలలో పెట్టించాం. ఇప్పగింజ నిలవ ఉంటే చెడిపోతుంది, వేరు నిట్టనిలువునా దిగుతుంది కాబట్టి కవర్లో పెంచి మార్చడం కంటే ఇదే మేలు. ముళ్ళకంచె వేశాం. అంతకుముందు ఊరి పెద్దలనూ, మేకలు కాసే ఇద్దరినీ పిలిచి కూచోబెట్టాం. మేకలాయన మొదట ఒప్పుకోలేదు. ఆ మూలే ఆయన మేకలు వానకు నిలబడే చోటు. అది మాకు అప్పటిదాకా తెలియదు, అదే బడిలో ఆరేళ్ళుగా ఉన్నాం. కంచె ఇంకో పక్కకు జరిపాం.

పంతొమ్మిది మొలిచాయి. ఎండాకాలం దాటేసరికి ఎనిమిది ఉన్నాయి. 85 శాతం లెక్కలో మేము తప్పినట్టే. ఫాల్గుణంలో ఐదు ఇళ్ళవాళ్ళు చెట్టు కింద ఊడ్చి ఏరారు, మిగతావాళ్ళు ఎప్పటిలాగే నిప్పు పెట్టారు. నిప్పు పెట్టినవాళ్ళలో మా బడి వంటమనిషి కూడా ఉంది. అడిగితే, "పొద్దున్నే బడికి రావాలె గద సార్, ఊడ్చుకుంట కూసుంటే మీకు అన్నమెవలు వండుతరు?" అంది. ఆమె అన్నదాంట్లో నిజముంది. వచ్చే పూతకాలం ఆ నాలుగు వారాలు ఆమెకు పొద్దున సాయం ఎవరు చేయాలో మేం ఇంకా తేల్చుకోలేదు.

మొక్క ముట్టనన్న ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. దసరా సెలవులకు వచ్చినప్పుడు బడికి వచ్చి, కంచె లోపలికి వంగి మొలకలను చూసింది. ఇది బడి జాగేనా, గుట్ట కింది జాగలోకి ఏమన్నా వచ్చిందా అని అడిగింది. బడి జాగే అని చెప్పాం. కంచె చుట్టూ ఒకసారి నడిచి, హద్దురాయి ఎక్కడుందో తనే చూసుకుని, ఆ తర్వాత చెంబుతో నీళ్ళు పోసింది.