పల్లాడియం అంటీముట్టనిదేనా?

యానాంలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. గౌతమి గట్టున సాయంత్రాలు గీత చెప్పే పెద్దాయన ఒకరోజు అడిగారు: "మాస్టారూ, మీ ఉత్ప్రేరకం తామరాకు మీద నీటిబొట్టే కదండీ?"

కాదన్నాను. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)లో బి.ఎం.చౌదరి, ఎం.లక్ష్మీకాంతం బృందం 2002లో ప్రచురించిన పరిశోధన గురించి చెప్పాను. మెగ్నీషియం, అల్యూమినియం హైడ్రాక్సైడు పొరల మీద పల్లాడియం లోహపు నానోరేణువులను ఉత్ప్రేరకంగా నిలిపి, వాటితో క్లోరోఎరీన్లను, అంటే బెంజీన్ లాంటి వలయానికి క్లోరిన్ అంటుకున్న అణువులను, వేరే అణువులకు జోడించారు. కార్బన్-క్లోరిన్ బంధం మొండిది. బ్రోమిన్, అయోడిన్ బంధాల్లా తేలిగ్గా తెగదు. క్లోరిన్ సమ్మేళనాలేమో చవక. అందుకే అది ఎంతో విలువైన పని.

అలా రెండు కార్బన్లను జోడించే సుజుకి చర్యనే తీసుకోండి. పల్లాడియం పక్కన నిలబడి చూడదు. ఆ మొండి బంధంలోకి చొరబడుతుంది, రెండు ఎలక్ట్రాన్లు ఇచ్చేస్తుంది, కార్బన్‌ను తనకే కట్టుకుంటుంది. రెండో కార్బన్‌నూ చేర్చుకుని, రెండింటినీ కలిపి వదిలేస్తుంది. ఇచ్చిన ఎలక్ట్రాన్లు తిరిగి దక్కుతాయి. మళ్లీ మొదలు.

నిష్కామకర్మ అంటే పనికి దూరంగా ఉండటమని చెప్పేవాళ్లతో నా పేచీ ఇక్కడే. లోహానికి కోరికే లేదు, కాబట్టి దాన్ని యోగి అనను. అయినా ఫలం అంటకపోవడానికి పనిలో మునగకపోవడం షరతు కాదని అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

లోహమూ అలుస్తుంది. రేణువులు ఒకదానికొకటి అతుక్కుని నల్లగా పేరుకుంటే చురుకు తగ్గిపోతుంది. ఆ పొరల ఆధారం అందుకే.

"మరి మనిషికి ఆ ఆధారం ఏదండీ?" అన్నారాయన. తోటివాళ్లు అన్నాను నేను. ఆయన భక్తి అంటారు. ఈ విషయంలో మేమింకా ఒక మాట మీదికి రాలేదు.