దానం సులువు, పథ్యం కష్టం



మందు రాసిస్తే రోగి సంతోషంగా పుచ్చుకుంటాడు. పథ్యం చెబితే ముఖం చిన్నబుచ్చుకుంటాడు. వైద్యుడిగా నాకిది రోజూ అనుభవమే. నేలకు కూడా పథ్యమే పనిచేస్తుందని అనంతపురం కరువు సీమలో చూశాను.

చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో బబ్లూ గంగూలీ, మేరీ దంపతులు మిత్రులతో కలిసి 32 ఎకరాల బీడు కొని, టింబక్టు అని పేరు పెట్టారు. నిప్పు పడకుండా, పశువులు మేయకుండా కాపు కాశారు. వాలుకు అడ్డంగా గట్లు వేసి వాననీటిని ఇంకించారు. బీడు మళ్ళీ పచ్చబడింది. తరువాత చుట్టుపక్కల రైతులు సహకార సంఘంగా ఏర్పడి, రసాయనాలు లేకుండా చిరుధాన్యాలు, వేరుశనగ పండించి కలిసి అమ్ముకుంటున్నారు. పర్మాకల్చర్ అంటే ఏదో కొత్త విద్య అనుకున్నాను. అక్కడ చేసిన వాటికంటే మానుకున్నవే ఎక్కువ!

తిరిగొచ్చి చెక్కు రాశాను. అది సులువే. ఎడిసన్‌లో మా పెరట్లో మాత్రం ఏటా రాలిన ఆకులను సంచులకెత్తి వీధిలో పెడతాను, వసంతంలో ఎరువు కొంటాను. ఆకులు ఉంచేస్తే పక్కింటివారు ఏమనుకుంటారోనని జంకు.

మన అలవాటు ఒక్కటైనా మారని దానం ధర్మం కాదా? కాదనలేను. కాని పథ్యం లేని మందులా, అది సగమే. ఈ ఏడు ఆకులను చెట్ల మొదళ్ళలోనే పోశాను. “ఇన్నాళ్ళూ ఎందుకు పారేశాం నాన్నా?” అన్నాడు మా అబ్బాయి. నా దగ్గర జవాబు లేదు. మీకు తెలిస్తే, గుడిలో కలిసినప్పుడు చెప్పండి.