శిక్ష విధించే ముందు

ఘోరమైన హత్య జరిగిందన్న వార్త వినగానే మన ఇళ్ళల్లో మొదట వెలువడే మాట, “వాణ్ణి నడిబజారులో ఉరి తీయాలి” అన్నదే. చనిపోయినవారి తల్లిదండ్రుల దుఃఖం గుండెను తాకినందువల్లే ఆ మాట వస్తుంది గనుక దాన్ని మేము తప్పుపట్టడం లేదు. అయితే న్యాయపీఠంపై కూర్చున్న వ్యక్తి కూడా అదే ఆవేశంతో కలం పట్టవచ్చునా? కోపంగా ఉన్న స్థితిలో ఇద్దరి మధ్య తీర్పు చెప్పరాదని దైవప్రవక్త (సల్లం) వారించారు. ధర్మశాస్త్ర పండితులు ఈ ఆజ్ఞను కోపం దగ్గరే ఆపలేదు. ఆకలి, నిద్రమత్తు, తీవ్రమైన దుఃఖం వంటి మనస్సును కమ్మివేసే ప్రతి స్థితికీ దీన్ని వర్తింపజేశారు.

మన దేశ చట్టం కూడా న్యాయమూర్తి ఆగి ఆలోచించడానికి ఒక చోటు ఏర్పాటు చేసింది. సెషన్సు కోర్టు ముద్దాయిని దోషిగా తేల్చాక, శిక్ష ఎంత అన్న విషయంపై అతని మాట విడిగా వినాలి. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఇది 235వ సెక్షను. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 258వ సెక్షను. 1955 వరకు హత్య కేసులో ఉరి వేయకపోతే ఎందుకు వేయలేదో న్యాయమూర్తి రాయవలసి ఉండేది. 1973 చట్టం దాన్ని తలక్రిందులు చేసింది. ఉరి వేస్తేనే ప్రత్యేక కారణాలు రాయాలన్నది. 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరో అడుగు వేసి, నేరంతోపాటు నేరస్థుణ్ణి కూడా చూడాలనీ, అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసులోనే మరణశిక్ష విధించాలనీ తీర్పు చెప్పింది. అతను మారే అవకాశం లేదని నిరూపించవలసిన బాధ్యత ప్రభుత్వానిదే.

అంతకు ముందే, 1974లో, ఆంధ్రప్రదేశ్ నుండి వెళ్ళిన ఒక కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ బాటే పట్టారు. ఒక యువతి అసూయతో మరో స్త్రీనీ, ఆమె పసిబిడ్డనూ చంపింది. నేరం క్రూరమైనదే. అయినా ఆమె చిన్న వయస్సునూ, మామగారు కొట్టి ఇంట్లోంచి వెళ్ళగొట్టడాన్నీ, ఆమెకున్న ఒక్కగానొక్క బిడ్డనూ పరిగణించి కోర్టు ఉరిని యావజ్జీవ శిక్షగా మార్చింది.

ఇక్కడ ఒక తల్లి లేచి అడగవచ్చు: “హంతకురాలి కష్టాలు చూశారు, చచ్చిన నా బిడ్డ సంగతేమిటి?” ఈ ప్రశ్నను తోసివేసే హక్కు ఎవరికీ లేదు. దీనికి రెండు సంఘటనలు గుర్తుచేసుకోవాలి. మఖ్జూమ్ తెగకు చెందిన గొప్పింటి స్త్రీ దొంగతనం చేస్తే, ఖురైషీయులు హజ్రత్ ఉసామా (రజి)ను సిఫారసుకు పంపారు. దైవప్రవక్త (సల్లం) ఆ సిఫారసును త్రోసిపుచ్చారు. తన కుమార్తె అయినా ఇదే శిక్ష అన్నారు. మరోవైపు, ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో హాతిబ్ (రజి) బానిసలు ముజైనా తెగ మనిషి ఆడ ఒంటెను దొంగిలించి కోసుకున్నారు. ముందు చేతులు నరకమని ఆజ్ఞ అయింది. తర్వాత ఉమర్ (రజి), యజమాని వారిని పస్తులుంచుతున్నాడని గ్రహించి శిక్ష ఆపారు. ఒంటె వెల 400 దిర్హములు. 800 చెల్లించమని యజమానినే ఆదేశించారు. ఈ విషయం ఇమామ్ మాలిక్ గారి ముఅత్తాలో ఉంది.

మొదటి దానిలో చూడమన్నది హోదాను, రెండవ దానిలో చూసినది ఆకలిని. ఒకటి పలుకుబడి, మరొకటి నిజమైన కారణం. పైగా నష్టపోయినవాడు వట్టి చేతులతో వెళ్ళలేదు. మన చట్టంలోనూ 2009 నుండి బాధితులకు పరిహార పథకం ఉంది. దానికి దరఖాస్తు చేసుకోవచ్చన్న సంగతే ఎందరో ఎరుగరు!

సమాజపు మనస్సాక్షి గాయపడిందా లేదా అన్న కొలత 1983 నాటి మచ్ఛీ సింగ్ తీర్పుతో వచ్చింది. మా దృష్టిలో ఇది ప్రమాదకరమైన కొలత. ఎందుకంటే వీధిలోని కోపం ఆ పేరుతోనే కోర్టులోకి ప్రవేశిస్తుంది. 1995లో రాజస్థాన్ కేసు ఒకదానిలో సుప్రీంకోర్టు, నేరాన్నే చూడాలి తప్ప నేరస్థుణ్ణి కాదన్నది. 2009లో అదే సుప్రీంకోర్టు, ఇది బచ్చన్ సింగ్ తీర్పుకు విరుద్ధమని ఒప్పుకుంది. కాని ఆ మనిషిని 1996లోనే ఉరితీశారు. పాలకుడు శిక్షించి పొరబడటం కంటే క్షమించి పొరబడటం మేలన్న మాట హజ్రత్ ఆయిషా (రజి) ద్వారా తిర్మిజీలో ఉంది. (అది ఆమె సొంత మాట కావటమే ఎక్కువ ప్రామాణికమని ఇమామ్ తిర్మిజీ స్వయంగా సూచించారు.) ఆ మాట బరువు ఇలాంటి చోట తెలుస్తుంది.

అయితే దోషి అన్న రోజునే, భోజన విరామం తర్వాత శిక్ష కూడా ప్రకటించే కోర్టులున్నాయి. పేదవాని వకీలు ఆ గంటలో ఏం తేగలడు? అందుకే 2022 మేలో సుప్రీంకోర్టు, ముద్దాయి మానసిక స్థితి, కుటుంబ నేపథ్యం, జైలు ప్రవర్తనల నివేదికలను విచారణ దశలోనే సమర్పించాలన్నది. అదే ఏడాది సెప్టెంబరులో, ఎంత గడువివ్వాలన్న ప్రశ్నను ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనానికి పంపింది. కొడుకు జైల్లో ఉన్న ఇల్లు ఏదైనా సరే, వాడి స్కూలు కాగితాలూ, వైద్యం చీటీలూ, పని చేయించుకున్నవారి సాక్ష్యమూ తీర్పు రోజుకు చాలా ముందే వకీలుకు అందజేయాలి.