వంశావళి లేనివారి వేరులు



నల్గొండ, పాలమూరు ప్రాంతములలో మన పెద్దలు 'దొరగారు', 'దొరసానమ్మగారు' అని పిలిచిన మిషనరీల సంతతివారు నేడు కెనడా, అమెరికా దేశములలో నున్నారు. అటువంటి మెన్నోనైటు కుటుంబములు పిల్లలను వెంటబెట్టుకొని యూరోపుఖండమునకు పోయి తమ పూర్వికుల జాడ వెదకుట కలదు. ఆ దారి పొడుగైనది. హాలెండులోని విట్మార్సమ్ అను ఊరివాడైన మెన్నో సైమన్సు 1536లో రోమను సంఘపు గురుత్వమును విడిచెను. ఆయన వెంట నడచినవారు హింసలకు తాళలేక విస్తులా నదీతీరమునకు పోయిరి. అచ్చటనుండి 1789లోను, 1804లోను దక్షిణ రష్యాకు, అనగా నేటి ఉక్రెయినుకు వలసపోయి, కొర్టీట్సా, మొలోచ్నా అను చోట్ల ఊళ్లు కట్టుకొనిరి. 1874 మొదలు వారిలో అనేకులు అమెరికాకు ఓడలెక్కిరి. రష్యాలో నిలిచినవారిలోనుండియే అబ్రాహాము ఫ్రీసెను, మరియ దంపతులు 1889లో బయలుదేరి మన నల్గొండకు వచ్చిరి.

1991లో సోవియట్ రాజ్యము కూలిన తరువాత ఆ కుటుంబములవారు ద్నీపర్ నదిమీద ఓడలో ప్రయాణము చేసి, తాతల ఊళ్లు చూచి వచ్చుచుండిరి. 2022 నుండి యుద్ధము వలన మొలోచ్నా దారి మూతపడినది.

వెదకినవారికి దొరకినదంతయు సంతోషకరము కాదు. 1860వ సంవత్సరమున మెన్నోనైటు బ్రెదరెన్ సంఘము పుట్టినది ఆ మొలోచ్నాలోనే. ఆ కాలమునందే ఆ ఊళ్లలో సగముకంటె ఎక్కువ కుటుంబములకు సెంటు భూమి లేదు. భూమి లేనివానికి గ్రామసభలో ఓటు లేదు. వారందరును ఒక్క బైబిలు చదివినవారే, ఒక్క పాటలు పాడినవారే. తాత భక్తుడని వెదకబోయిన మనుమనికి, తాత తన పొరుగువానిని సభ వెలుపల నిలువబెట్టినాడని తెలియవచ్చును. అట్టి మాట తెలిసికొని, దాచక తన పిల్లలకు చెప్పువాడే నిజముగా పూర్వికులను వెదకినవాడని నా తలంపు. గొప్ప చెప్పుకొనుటకైన వెదకుడు వేరు. దానినిగూర్చి పౌలు తిమోతికి చేసిన హెచ్చరిక మనకు తెలిసినదే (1 తిమోతి 1:4).

వారికి సంఘపు పుస్తకములున్నవి, ఓడల జాబితాలున్నవి. మన మాటేమి? పట్టాదారుని పేరు పహాణీలో నుండెను. వాని బావికి మోటబొక్కెన కుట్టినవాని పేరు, వాని పొలమున వెట్టి చేసినవాని పేరు ఏ పుస్తకములో వెదకవలెను? మన యిండ్లలో చాలవాటికి ముత్తాత పేరు మొట్టమొదట సిరాతో వ్రాయబడినది బాప్తిస్మ పుస్తకమందే. అదియు చాలమార్లు క్రొత్త పేరే గాని, తల్లి పెట్టిన పేరు కాదు.

కాబట్టి మన చరిత్ర ఆ పుటతోనే ఆరంభమైనదని, దానికి వెనుక చీకటి తప్ప మరేమియు లేదని తలంచుట మనకు అలవాటైనది. "విగ్రహములకు మ్రొక్కినవారి పేర్లు మనకెందుకు?" అని అడుగు పెద్దలు గలరు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. వారు విశ్వాసము కొరకు ఇల్లు, కులపువారి పొత్తు పోగొట్టుకొన్నవారి బిడ్డలు. అయినను యెహోషువ 24:2 చూడుడి. అబ్రాహాము తండ్రియైన తెరహు అన్యదేవతలను కొలిచినవాడని అచ్చట స్పష్టముగా నున్నది. అటుపిమ్మట లూకా 3:34 చూడుడి. మన ప్రభువు వంశావళిలో ఆ తెరహు పేరే కలదు. లూకా దానిని కొట్టివేయలేదు. తల్లిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞలోను, వారు బాప్తిస్మము పొందినవారైతేనే యను షరతు లేదు.

మన పూర్వికులకు లేఖకులు లేకపోయిరి గాని, వంశము చెప్పువారు బొత్తిగా లేకపోలేదు. డక్కలివారు కిన్నెర వాయించుచు, జాంబపురాణము పాడుచు, మాదిగ యిండ్ల వంశములు నోటితో చెప్పుచుండిరి. నాగర్‌కర్నూలు జిల్లావాడైన దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెరకు 2022లో పద్మశ్రీ పొందెను. మన పెద్దలు ఇంటి ముంగిట విని మరచిన ఆ వాద్యమును దేశము అప్పుడు విన్నది. ఆ పురాణమును నమ్మవలెనని నేను చెప్పుట లేదు. ఊరి లెక్కలలో ఎవరును వ్రాయని పేర్లను ఒక భిక్షగాడు పాటలో మోసెనన్నది మాత్రము వాస్తవము.

ఎజ్రా రెండవ అధ్యాయములో చెరనుండి తిరిగి వచ్చినవారి లెక్క యున్నది. అందులో 652 మంది తమ పితరుల యిల్లును, తాము ఇశ్రాయేలీయులమో కామో అన్న మాటను రుజువు చేయలేకపోయిరి (2:59, 60). కాగితము లేదని వారిని దారిలో విడిచిరా? విడువలేదు. వారును నడిచిరి, వారి లెక్కయు వ్రాయబడినది. యాజకత్వము అడిగినవారిని మాత్రము పుస్తకములో పేరు లేనందున ప్రక్కన నిలిపిరి. అధికారము కోరినప్పుడు వంశము అడుగబడినది. ఇంటికి పోవుటకు అడుగబడలేదు. మన సంఘములలో పెద్దరికము కొరకు పోటీ వచ్చినప్పుడే ఎవరి తాత మొదటి విశ్వాసి యన్న తగవు పుట్టుటయు ఇట్టిదే కదా!

సెలవులకు ఇంటికి వచ్చిన పడుచువారు ఒక సాయంత్రము నోటుబుక్కు తీసికొని ముసలివారి యొద్ద కూర్చుండి, పేర్లు, ఊళ్లు, ఎవరి యింట జీతమున్నారో, ఏ కరువులో వలస పోయిరో వ్రాసికొనవచ్చును. తల్లివైపు పేర్లు తప్పక అడుగవలెను. మత్తయి తామారును, రాహాబును, రూతును వ్రాసెను గాని మన యిండ్లలో ముత్తవ్వ పేరు అడిగిన చాలమంది తెల్లబోవుదురు. ఆ పేరు తెలిసినవారు ఇంటికి ఒక్కరే మిగిలియుందురు, వారికిని చూపు మందగించి యుండును.