విలీనం గురించి మనల్ని అడగాలా?



ధవళేశ్వరంలో ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక దేవాలయం ఆవరణలో ఒక వాదన విన్నాను. వడ్రంగి పని చేసి పిల్లల్ని పెద్దవాళ్లను చేసిన ఒక పెద్దాయన చేతికర్రను నేలకు తాటించి అన్నారు: "మా ఊరిని తీసుకెళ్లి రాజమండ్రిలో కలుపుతామంటారు. ఒక్కనాడైనా మమ్మల్ని అడిగారా అండి?" పక్కనే ఉద్యోగస్థుడైన ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. "బాబాయిగారూ, పొద్దున్న లేస్తే మనం పనికి వెళ్లేది రాజమండ్రి. జబ్బు చేస్తే రాజమండ్రి. పిల్లల కాలేజీ రాజమండ్రి. పన్ను దగ్గరకు వచ్చేసరికి మాత్రం పల్లెటూరివాళ్లం అయిపోతామా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దాయన నవ్వలేదు.

ఇద్దరి మాటలోనూ నిజముంది. అందుకే ఆ వాదన ఇంటికి వచ్చాక కూడా నన్ను వదల్లేదు. ఇది రాజకీయ నాయకుల గొడవ, మనకెందుకు అనుకునేవారు మీలో ఉండవచ్చు. కాని ఒక సమాజం తన ఇష్టానికి ఎంతవరకు హక్కుదారు, పక్కవాడికి ఎంతవరకు బాధ్యురాలు అన్నది రాజకీయాల కంటే ముందు మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న.

ముందు జరిగిన సంగతి చూద్దాం. రాజమండ్రి 1994లో నగరపాలక సంస్థ అయింది. 2015లో దాని పేరు అధికారికంగా రాజమహేంద్రవరంగా మారింది. ఊరు పెరిగింది గాని సరిహద్దు ఆగిపోయింది. కోటిపల్లి బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కి ధవళేశ్వరం వస్తుంటే నగరం ఎక్కడ అయిపోయిందో, పల్లె ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. ధవళేశ్వరం, హుకుంపేట, బొమ్మూరు, కాతేరు, కొలమూరు వంటి పంచాయతీల పేర్లు విలీనం ప్రతిపాదనల్లో ఏళ్ల తరబడి వినబడుతూ వచ్చాయి. అభ్యంతరాలు వచ్చాయి, వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. 2021 ఫిబ్రవరిలో రాష్ట్రమంతటా పంచాయతీ ఎన్నికలు జరిగినప్పుడు నగరం చుట్టూ ఈ చిక్కులో పడిన ఊళ్లలో జరగలేదు. అటు నగరంలోనూ అంతే. 2014లో ఎన్నుకున్న పాలకవర్గం గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రంలోని 12 నగరపాలక సంస్థలకు ఓటింగు జరిగితే వాటిలో రాజమహేంద్రవరం లేదు. ఎవరు ఎవరిలో కలవాలన్న తగువు తేలక, కలిసేవాడికీ కలుపుకునేవాడికీ కూడా తమ మనిషి అంటూ లేకుండా పోయాడు. కుళాయి రాకపోతే ఎవరి గుమ్మం తొక్కాలి? ప్రత్యేకాధికారి గుమ్మం. ఆయన మంచివాడే కావచ్చు. కాని ఆయనను మనం ఎన్నుకోలేదు, ఆయన మళ్లీ మన వీధిలోకి ఓటు అడగడానికి రానక్కరలేదు.

జనాభా లెక్కలవారి మాట ఇంకో తీరు. కనీసం 5,000 మంది జనం, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది, పనిచేసే మగవారిలో నూటికి 75 మంది వ్యవసాయం కాని పనుల్లో ఉంటే, పాలన పంచాయతీదే అయినా వారు ఆ ఊరిని పట్టణంగానే రాసుకుంటారు. 2011 లెక్కల్లో ధవళేశ్వరం అలా పట్టణమే. జనం నలభై వేలు దాటారు. అంటే మన ఊరు లెక్కలో పట్టణం, పాలనలో పల్లె.

ఇక చట్టం ఏమంటుంది? 1993లో అమలులోకి వచ్చిన 73, 74వ రాజ్యాంగ సవరణలు గ్రామసభకూ పురపాలక సంఘానికీ రాజ్యాంగంలో చోటు ఇచ్చాయి. ఒక ప్రాంతాన్ని ఎప్పుడు నగరంగా గుర్తించాలో 243క్యూ అధికరణం చెబుతుంది. జనాభా, జనసాంద్రత, స్థానిక సంస్థ రాబడి, వ్యవసాయేతర ఉపాధి శాతం, ఆర్థిక ప్రాముఖ్యం, తగినవని గవర్నరు భావించే ఇతర అంశాలు. ఆ జాబితాను రెండుసార్లు చదివాను. అక్కడి మనుషుల ఇష్టం అన్న మాట అందులో కనబడలేదు. పెద్దాయన అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు లేదన్నమాట.

శ్రీసభ బోధనలో మాత్రం ఆ ప్రశ్నకు చోటుంది. 1931లో పదకొండవ పయస్ పాపుగారు రాసిన విశ్వలేఖలో ఒక సూత్రం చెప్పారు. చిన్న సమాజం తనంతట తాను చేసుకోగల పనిని పెద్ద సమాజం లాక్కోవడం అన్యాయం అన్నది దాని సారాంశం. ఇటలీలో ముస్సోలినీ సర్వాధికారం చేతబట్టి కూర్చున్న కాలంలో ఆయన ఈ మాట రాశారు. కుటుంబం చేయగలదాన్ని ఊరు లాక్కోకూడదు, ఊరు చేయగలదాన్ని రాజ్యం లాక్కోకూడదు. 2015లో ఫ్రాన్సిస్ పాపుగారు కూడా తమ విశ్వలేఖలో, పట్టణాలకు ప్రణాళికలు వేసేటప్పుడు అక్కడ బతికేవారి అభిప్రాయం తీసుకోవాలని రాశారు. వడ్రంగి పెద్దాయన ఈ లేఖలేవీ చదివి ఉండరు. కాని ఆయన అన్నది అదే.

అయితే ఈ సూత్రానికి రెండో వైపు ఉంది, దాన్ని మనం సౌకర్యంగా మరచిపోతాం. చిన్నది చేసుకోలేనిదాన్ని పెద్దది పూనుకుని చేయాలి. ధవళేశ్వరం పంచాయతీ ఒంటరిగా ఏం చేసుకోలేదు? మురుగు సంగతే చూడండి. మురుగుకు సరిహద్దు రాయి తెలియదు. నగరం తన మురుగునీటిని శుద్ధి చేసే కేంద్రాన్ని కట్టుకున్నది నగరంలో కాదు, పొరుగునున్న హుకుంపేటలో. నగరపు మురికిని మోసే పనిలో పల్లె ఎప్పుడో కలిసిపోయిందన్నమాట, కుళాయిలోనూ వీధిదీపంలోనూ మాత్రమే కలవలేదు. అమృత్ వంటి పథకాలు 2015లో మొదలైనప్పుడు వాటి నిధులు పట్టణాలకే వెళ్లాయి. నలభై వేలు దాటిన ఊరు పల్లె అన్న పేరుతో ఆ వరుసలో నిలబడలేకపోయింది. కుర్రవాడి కోపంలో ఈ బాధ కూడా ఉంది.

నాబోతు కథ మీకు తెలుసు. రాజుల గ్రంథంలో ఉంది. ఆహాబు రాజు తన కోట పక్కనున్న ద్రాక్షతోట కావాలన్నాడు. మనం సాధారణంగా మరచిపోయే సంగతి ఒకటుంది. ఆహాబు మొదట అడిగిన తీరులో తప్పు వెతకడం కష్టం. అంతకన్నా మంచి తోట ఇస్తానన్నాడు, వద్దంటే వెల కట్టి ఇస్తానన్నాడు. ఇవాళ్టి భాషలో చెప్పాలంటే మార్కెట్ ధరకు తక్కువ చేయలేదు. నాబోతు మాత్రం అది పితరుల స్వాస్థ్యం, ఇవ్వను అన్నాడు. పాపం మొదలైంది ఆ "ఇవ్వను" అన్న మాటను రాజు ఇల్లు భరించలేకపోయినప్పుడు. మంచి ధర ఇచ్చినంత మాత్రాన అవతలివాడు ఒప్పుకున్నట్టు కాదు. ఇంకొకటి కూడా గమనించండి. యెసెబెలు ఆ పనిని ఊరి పెద్దల చేత, సభ చేయించి, సాక్షులను నిలబెట్టి, పద్ధతి ప్రకారమే చేయించింది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి.

ఈ కథను పట్టుకుని విలీనం వద్దనే ఊరంతా నాబోతు, నగరమంతా ఆహాబు అనేస్తే పని సులువు. నేను అనలేను. నాబోతు వద్దన్నది తన తోట గురించి. మనం వద్దంటున్నది దేని గురించి? 2020లో చట్టం సవరించి, మరుసటి ఏడాది నుంచి మునిసిపల్ ఆస్తి పన్నును అద్దె విలువ బదులు ఆస్తి విలువను బట్టి కట్టడం మొదలుపెట్టారు. దానికి భయపడి వద్దన్నవారు ఉన్నారు. రెండంతస్తుల డాబా ఉండి, పంచాయతీ పన్ను చాలు అనుకోవడం పితరుల స్వాస్థ్యాన్ని కాపాడటం కాదు. నగరపు రోడ్డు మీద నడుస్తూ, నగరపు పెద్దాసుపత్రిలో వరుసలో నిలబడుతూ, ఖర్చు మాత్రం అవతలివాడిది అనుకోవడం అది. నా మాట కటువుగా ఉంటే క్షమించండి.

అదే ఊళ్లో అదే "వద్దు" అన్న మాటను ఒక కూలి కుటుంబం అంటే దాని బరువు వేరు. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం పల్లెలకే పెట్టారు. ఊరు పట్టణంలో కలిసిపోతే చెరువు పనికీ కాలువ పనికీ వెళ్లే ఆడవాళ్ల జాబుకార్డు చెల్లదు. డాబా ఆయనకు పోయేది ఏటా కొంత పన్ను. ఈమెకు పోయేది వేసవిలో పొయ్యి వెలిగించే ఆధారం. రెండు వద్దులూ ఒకే అర్జీ మీద సంతకాలుగా పడితే అవి ఒకటేలా కనబడతాయి.

కావాలనేవాళ్లలోనూ అంతే. మనవైపు పొలాన్ని ఎకరాల్లో చెబుతాం, ఇళ్ల స్థలాన్ని సెంట్లలో చెబుతాం, పట్నంలో గజాల్లో చెబుతారు. పొలం ధరను ఎవరైనా గజాల్లో చెప్పడం మొదలుపెట్టారంటే ఆ నేల చేతులు మారబోతున్నదని గట్టిగా అనుకోవచ్చు. గోదావరి పట్టణాభివృద్ధి సంస్థ 2017లో ఏర్పడ్డాక మాస్టర్ ప్లాన్, జోన్ అన్న మాటలు టీ కొట్ల దగ్గర కూడా వినబడసాగాయి. అటువంటి పటాల్లో నివాసానికి పసుపు రంగు, సాగుకు ఆకుపచ్చ వేయడం వాడుక. ఆకుపచ్చ పసుపైన రోజు భూమిగలాయన ధనవంతుడవుతాడు. ఆ భూమిని కౌలుకు దున్నుతున్నవాడు, డెల్టాలో అటువంటివారు ఎంతమందో మీకు తెలుసు, ఆ రోజుతో పని లేనివాడవుతాడు. పటం గీసే చోట అతనికి కుర్చీ లేదు. సరే, భూమిగలాయన అయినా అతన్ని పిలిచి చెప్పాడా?

కలిసిపోయిన ఊళ్ల అనుభవం ఏమిటని కొందరు అడుగుతారు. 2005లో గాజువాకను, చుట్టుపక్కల 32 గ్రామాలను కలిపి మహా విశాఖ చేశారు. 2013లో అనకాపల్లి, భీమిలి కూడా అందులో చేరాయి. భీమిలి పురపాలక సంఘం 1861 నాటిది. దేశంలోని పాతవాటిలో ఒకటి. నూటయాభై ఏళ్ల సంఘం నగరంలో ఒక భాగమైపోయింది. అనకాపల్లి 2022లో ఒక జిల్లాకు కేంద్రమైంది, పురపాలన మాత్రం విశాఖ నగరానిదే. లాభపడ్డారా నష్టపోయారా అంటే వీధిని బట్టి జవాబు మారుతుంది. అక్కడివారిని అడిగి చూడండి, ఒక్క తీర్పు దొరకదు.

ధవళేశ్వరం వాళ్లకు పంపకం గురించి వేరే వాళ్లు పాఠం చెప్పనక్కరలేదు. 1852లో ఆనకట్ట పూర్తయిన నాటినుంచి డెల్టాకు నీళ్లు పంచేది ఇక్కడే. వరద వస్తే డెల్టా అంతా ఇక్కడి నీటిమట్టమే అడుగుతుంది. 11.75 అడుగులైతే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. కాలువ మొదట్లో ఉన్న రైతు తూము తెరుచుకుని తన చేను నింపుకోవడం సులువు. శివారు చేనుకు నీరు అందిందా లేదా అన్నదే కాలువ సరిగా నడుస్తోందనడానికి గుర్తు. లస్కర్ల దగ్గర్నుంచి ఇంజనీర్ల దాకా ఇక్కడ తరతరాలుగా పడిన తగువులన్నీ శివారు భూముల గురించే.

విలీనంలో మన శివారు ఎవరు? ఆ వాదన జరిగిన వారంలోనే కాలువ గట్టు మీద ఉండే ఒకావిడను కలిశాను. రేకుల ఇల్లు, పట్టా లేదు. ఇళ్లల్లో పనికి వెళుతుంది. ఊరు కలవాలా వద్దా అని అడిగాను. "ఏదైనా ఒకటేనండీ నాకు. పంచాయతీవాళ్లు గట్టు నీళ్ల శాఖదంటారు. రేపు పట్నంవాళ్లు వచ్చినా అదే అంటారు" అంది. పన్నుకు భయపడే డాబా ఆయనకూ, ధర పెరుగుతుందని ఎదురుచూసే భూమిగలాయనకూ విలీనం మీద గట్టి అభిప్రాయాలున్నాయి. ఈమెకు అభిప్రాయం ఉండేంత అవకాశం కూడా ఎవరూ ఇవ్వలేదు. నగరం ఈమెను అడగలేదన్నది నిజం. ఊరు కూడా అడగలేదు. మమ్మల్ని అడిగారా అని కర్ర తాటించిన పెద్దాయనకు ఈ మాట తర్వాతి ఆదివారం చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. "మా ఇంట్లో ఇద్దరు అద్దెకున్నారండీ. నేనూ అడగలేదు" అన్నారు చివరికి.

అడిగే హక్కు మనదే. దాన్ని వదులుకోమని నేను చెప్పడం లేదు. గ్రామసభ అంటే ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ అని రాజ్యాంగం రాసింది. పెద్దలూ, ఆస్తిపరులూ అని రాయలేదు. గట్టు మీది ఆవిడకు ఓటుంది, చూపించింది కూడా. గ్రామసభకు ఎప్పుడైనా వెళ్లావా అమ్మా అని అడిగాను. సభలు మామూలుగా పగలే పెడతారు కదా, ఆ వేళకు ఆవిడ ఎవరింట్లోనో అంట్లు తోముతూ ఉంటుంది. ఆ ఇళ్లల్లో మన విచారణ కుటుంబాలవి కూడా ఉన్నాయి.